అంతర్జాతీయ వాణిజ్య న్యాయంలో పీజీ: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

న్యాయవిద్య గురించి కిందటి సంచికలో రాస్తూ, మన విద్యార్థులు అంతగా పట్టించుకోని శాఖలలో అంతర్జాతీయ వాణిజ్య న్యాయం ఒకటని ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యం మీదే చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నేను హైదరాబాదులో మూడేళ్ల ఎల్ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు సాగు చేస్తారు. అమెరికాలో ఏదో సుంకం వేశారని తెలియగానే ఇక్కడ కౌంటు ధర (కిలోకు తూగే రొయ్యల సంఖ్యను బట్టి పలికే ధర) పడిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అందుకే ఈ శాఖలో ఎల్ఎల్ఎం చేయాలని ఉంది. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు ‘వాణిజ్య న్యాయం’ అంటాయి, కొన్ని ‘వ్యాపార న్యాయం’ అంటాయి. రెండూ ఒకటేనా? హైదరాబాదులో చదివితే చాలునా, విదేశాలకు వెళ్లాలా? — ఒక పాఠకురాలు, తార్నాక

సమాధానం: రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియకుండా చేరి, ఏడాది గడిచాక నిరాశపడిన విద్యార్థులను నేను చూశాను కనుక ముందుగా దీన్నే వివరిస్తాను. మీ ఊరి రొయ్యలు కొన్న ఎగుమతిదారుకూ అమెరికాలోని దిగుమతిదారుకూ మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. సరుకు పాడైతే నష్టం ఎవరిది, డబ్బు ఏ బ్యాంకు ద్వారా రావాలి, తగాదా వస్తే మధ్యవర్తిత్వం ఎక్కడ జరగాలి అన్నవి ఇద్దరు వ్యాపారుల నడుమ ప్రశ్నలు. వీటిని చెప్పేది అంతర్జాతీయ వ్యాపార న్యాయం. సరుకుల అమ్మకాల మీద 1980లో వియన్నాలో కుదిరిన ఒడంబడిక, బ్యాంకు చెల్లింపు హామీ అయిన లెటర్ ఆఫ్ క్రెడిట్ నిబంధనలు, ఆర్బిట్రేషన్ దీని కిందికి వస్తాయి. మన దేశం ఆ వియన్నా ఒడంబడికలో చేరలేదన్న సంగతి కూడా ఆ పాఠంలో తెలుసుకోవలసినదే. ఇక అమెరికా ప్రభుత్వం మన రొయ్యల మీద అదనపు సుంకం వేయవచ్చునా, వేయాలంటే ఏ విచారణ జరపాలి, ఆ విచారణ తప్పుగా జరిగితే భారత ప్రభుత్వం ఎక్కడ అడగాలి అన్నవి రెండు రాజ్యాల నడుమ ప్రశ్నలు. ఇదే అంతర్జాతీయ వాణిజ్య న్యాయం. మీ ఉత్తరాన్ని బట్టి మీకు కావలసింది ఈ రెండోదే. కాబట్టి కోర్సు పేరు చూసి ఊరుకోకుండా సిలబస్ తెప్పించుకోండి. సుంకాల విషయంలో దేశాలకు హద్దులు పెట్టే గాట్ ఒప్పందానికీ, యాంటీ డంపింగ్ (సొంత దేశపు ధర కన్నా తక్కువకు విదేశంలో అమ్మే సరుకు మీద అదనపు సుంకం), సబ్సిడీల ఒప్పందాలకూ, వివాద పరిష్కార విధానానికీ ఎన్ని వారాలు కేటాయించారో లెక్కపెట్టండి. మొత్తం కలిపి మూడు వారాలే ఉంటే ఆ కోర్సు మీది కాదు.

చేరే ముందే మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీకు రొయ్య తెలుసు కనుక రొయ్యతోనే మొదలుపెట్టండి. సముద్రంలో రొయ్యల వలలకు తాబేళ్లు చిక్కి చచ్చిపోతున్నాయన్న కారణంతో, అవి తప్పించుకుపోయే ‘టెడ్’ అనే పరికరం లేని వలలతో పట్టిన రొయ్యల దిగుమతిని అమెరికా నిషేధించింది. భారతదేశం, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. ఆ సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ 1998 అక్టోబరు 12న నివేదిక ఇచ్చింది. ‘మనమే గెలిచాం, అమెరికా ఓడింది’ అని పరీక్షల గైడ్లలో ఒక వాక్యంలో తేల్చేస్తారు. నివేదికను తెరిచి చదివితే కనిపించేది వేరు. గాట్ ఒప్పందం 20వ అధికరణంలోని జి ఖండం ‘తరిగిపోయే సహజ వనరుల’ సంరక్షణ కోసం మినహాయింపు ఇస్తుంది. 1947లో ఆ మాట రాసినవారి మనసులో ఉన్నవి ఖనిజాలేననీ, ప్రాణమున్న తాబేలు దాని కిందికి రాదనీ ఫిర్యాదీ దేశాలు వాదించాయి. అప్పిలేట్ బాడీ ఆ వాదనను ఒప్పుకోలేదు. తాబేలు కూడా తరిగిపోయే వనరేనని, చట్టం ఉద్దేశం సరైనదేనని చెప్పింది. మరి అమెరికా ఎక్కడ ఓడింది? ఆ అధికరణం మొదట్లో ఉన్న ఉపోద్ఘాత వాక్యం దగ్గర. మినహాయింపును అన్యాయమైన వివక్షకు సాధనంగా వాడకూడదని ఆ వాక్యం అంటుంది. అమెరికా తన పొరుగు ఖండపు దేశాలతో కూర్చుని ఒడంబడిక కుదుర్చుకుంది, మనతో అంత శ్రద్ధగా మాట్లాడలేదు. కరీబియన్ ప్రాంతపు దేశాలకు పద్ధతి మార్చుకోవడానికి మూడేళ్లు ఇచ్చింది, మనకు నాలుగు నెలలే ఇచ్చింది. తీర్పు దీని మీద నిలబడింది. తర్వాత అమెరికా అమలు చేసే తీరును సవరించుకుని చట్టాన్ని అలాగే ఉంచుకుంది. 2001లో మలేసియా మళ్లీ సవాలు చేసినప్పుడు అది చెల్లింది కూడా.

ఈ వివాదం మీ చెరువు దాకా ఎలా వస్తుందో చూడండి. ఆ అమెరికా చట్టం సముద్రంలో పట్టిన రొయ్యలకే వర్తిస్తుంది. తాబేళ్లతో సంబంధం లేని చెరువు రొయ్యలకు మినహాయింపు ఉంది. అందుకే 2019లో మన సముద్రపు రొయ్యలను అమెరికా ఆపినా, చెరువుల్లో పెరిగిన వెనామీ రకం రొయ్య వెళుతూనే ఉంది. చెరువు రొయ్యకు ఉన్న బాధ వేరు: 2005 నుంచి యాంటీ డంపింగ్ సుంకం, 2024లో ఇక్కడి ప్రభుత్వ సబ్సిడీలకు బదులుగా దానికి తోడైన ప్రతికార సుంకం. యాంటీ డంపింగ్ సుంకంతో పాటు దిగుమతిదారుల నుంచి అదనంగా పెద్ద హామీ బాండ్లు కోరడాన్ని మన దేశం సవాలు చేసి 2008లో గెలిచింది. తాబేళ్ల నివేదిక, బాండ్ల నివేదిక ప్రపంచ వాణిజ్య సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. రెండింటినీ పేరా సంఖ్యలు గుర్తుపెట్టుకుంటూ చదవండి. చదివాక ఇంకా చదవాలనిపిస్తే మీరు ఈ చదువుకు తగినవారే, అనిపించకపోతే ఒక సంవత్సరం మిగిలినట్టే.

హైదరాబాదు విషయానికి వస్తే, శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఏడాది ఎల్ఎల్ఎం ఉంది. దానికి క్లాట్ పీజీ రాయాలి. ఎల్ఎల్‌బీలో సాధారణ వర్గాలకు 50 శాతం మార్కులు ఉండాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఉస్మానియాలో రెండేళ్ల ఎల్ఎల్ఎంకు పీజీఎల్‌సెట్ ద్వారా చేరాలి. మీరు ఎంచుకునే ఏడాదిలో వాణిజ్య న్యాయం మీద ఏయే పేపర్లు బోధిస్తున్నారో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లోనే చూడండి, ఎందుకంటే ఐచ్ఛిక పేపర్లు అధ్యాపకులను బట్టి మారుతుంటాయి. నన్నడిగితే, ఈ పేపరు చెప్పే అధ్యాపకులు ఉన్నారా లేరా అన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. అక్కడి సీనియర్లను అడిగి తెలుసుకోండి.

విదేశీ చదువు మంచిదే. స్విట్జర్లాండులోని బెర్న్‌లో ఉన్న వరల్డ్ ట్రేడ్ ఇన్‌స్టిట్యూట్, జెనీవా విశ్వవిద్యాలయం, వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ ఈ శాఖకు పేరున్నవి. కానీ అమ్మా, చెరువులు తాకట్టు పెట్టి అప్పు చేసి ఎల్ఎల్‌బీ అవగానే వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇక్కడ చదివి, ఢిల్లీలో రెండేళ్లు పనిచేసి, స్కాలర్‌షిప్‌తో వెళ్లండి. బ్రిటన్‌లో చదవడానికి ఇచ్చే చెవెనింగ్ వంటి స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం ఎలాగూ ఉండాలి. ఢిల్లీ అని ఎందుకంటున్నానంటే, యాంటీ డంపింగ్ విచారణలు జరిపే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్, విదేశీ వాణిజ్య విద్యాసంస్థ ఐఐఎఫ్‌టీకి అనుబంధంగా 2017లో ఏర్పడి ప్రభుత్వానికి న్యాయసలహా ఇస్తున్న సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా, ఈ పనిచేసే న్యాయవాద సంస్థలలో అధిక భాగం అక్కడే ఉన్నాయి. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే చెప్పి ఒప్పించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఈ శాఖలోనే పీజీ చేస్తానంటున్నాడు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్లు వినేవారే లేరని పత్రికల్లో చదువుతున్నాను. 2025 ఆగస్టులో అమెరికా మన వస్తువుల మీద 50 శాతం దాకా సుంకం వేసినప్పుడు ఏ నియమం అడ్డుపడింది? ఎవరూ పాటించని చట్టాన్ని నేర్చుకుని వాడేం చేస్తాడు? — ఒక తండ్రి, కూకట్‌పల్లి

సమాధానం: మీ ప్రశ్న న్యాయమైనది. దీన్ని తేలిక చేసి మాట్లాడే అధ్యాపకులతో నేను ఏకీభవించను. అప్పిలేట్ బాడీలో ఏడుగురు సభ్యులు ఉండాలి, ఒక్కో అప్పీలును ముగ్గురు వినాలి. కొత్త నియామకాలకు అమెరికా ఏళ్ల తరబడి సమ్మతి ఇవ్వకపోవడంతో 2019 డిసెంబరు 11 నాటికి ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరి పదవీకాలం కూడా 2020 నవంబరు 30తో ముగిసింది. ఇప్పుడు కింది స్థాయి ప్యానెల్‌లో ఓడిన దేశం, వినేవారు లేని అప్పీలు ఒకటి దాఖలు చేసి తీర్పు అమలును నిరవధికంగా నిలిపివేయగలదు. ఈ దారి పట్టిన దేశాలలో మనదీ ఒకటి. మన ఎగుమతి ప్రోత్సాహక పథకాల మీద అమెరికా వేసిన వివాదంలో 2019లోనూ, చక్కెర సబ్సిడీల మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా వేసిన వివాదంలో 2022 జనవరిలోనూ మన ప్రభుత్వం అలాగే అప్పీలు చేసింది. రొయ్యల బాండ్ల వివాదంలో ఆ వేదికే మనకు అండగా నిలిచిందని తెలిసిన వ్యక్తిగా, ఈ పరిస్థితి నన్ను బాధిస్తుంది. కొన్ని దేశాలు 2020లో తమలో తాము తాత్కాలిక అప్పీలు ఏర్పాటు ఒకటి చేసుకున్నాయి. మనం అందులో చేరలేదు. చేరాలా వద్దా అన్నది మీ అబ్బాయి తరంవారు వాదించుకోవలసిన విషయం.

అయినా ఆ చదువు వృథా అన్న మాటకు మాత్రం నేను ఒప్పుకోను. ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్న జెనీవాలో జరిగేది ఈ న్యాయంలో పైకి కనిపించే భాగం; రోజువారీ పని అంతా దేశాల లోపల జరుగుతుంది. మన దేశంలో 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఏ సెక్షన్ కింద యాంటీ డంపింగ్ విచారణ మొదలైతే సాధారణంగా ఏడాదిలో, పొడిగిస్తే పద్దెనిమిది నెలల్లో ముగియాలి. దేశీయ పరిశ్రమ తరఫున ఒక న్యాయవాది, విదేశీ ఎగుమతిదారు తరఫున ఒకరు, ఆ సరుకును ముడిపదార్థంగా వాడుకునే ఇక్కడి కర్మాగారం తరఫున మరొకరు వాదిస్తారు. విధించిన సుంకం అయిదేళ్లు ఉంటుంది, గడువు ముగిసే ముందు సమీక్ష ఉంటుంది, అప్పీలుకు ట్రైబ్యునల్ ఉంటుంది. ఈ సెక్షన్లను ఎలా అన్వయించాలో అర్థం కావాలంటే జెనీవా నివేదికలు చదవక తప్పదు, ఎందుకంటే మన చట్టం ఆ సంస్థ యాంటీ డంపింగ్ ఒప్పందం నుంచే వచ్చింది.

రెండోది, ద్వైపాక్షిక ఒప్పందాలు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో కుదిరినది 2022 మే 1న, ఆస్ట్రేలియాతో కుదిరినది అదే ఏడాది డిసెంబరు 29న అమల్లోకి వచ్చాయి. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకాలయ్యాయి. ఒప్పందం ప్రకారం సుంకం తగ్గాలంటే ఆ సరుకు నిజంగా ఆ దేశంలో తయారైనదేనని రుజువు కావాలి. మన ప్రభుత్వం 2020లో చేసిన నిబంధనలతో ఆ రుజువు బాధ్యత దిగుమతిదారు మీద పడింది. ఎగుమతిదారు ఇచ్చిన ధ్రువపత్రం చూపించి ఊరుకుంటే సరిపోదు. హైదరాబాదు వ్యాపారులే ఈ నోటీసులు పట్టుకుని న్యాయవాదుల కోసం వెతుకుతున్నారు. ఇక ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి వాటిపై తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి యూరోపియన్ యూనియన్ తెచ్చిన కార్బన్ సరిహద్దు సుంకం 2026 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. అది 20వ అధికరణం కింద నిలుస్తుందా అన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరూ తిరగేసేది పైన చెప్పిన తాబేళ్ల నివేదికనే. 50 శాతం సుంకాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ నియమం ఏదీ ఆపలేదన్నది నిజమే. అయితే అది తప్పని చెప్పడానికి మనం చూపించగలిగిన కాగితం మాత్రం అమెరికా స్వయంగా సంతకం చేసిన సుంకాల గరిష్ఠ పరిమితుల పట్టికే. అటువంటి కాగితం చదవగలిగినవారు దేశానికి కావాలి. జీతం గురించి అడిగితే, మొదటి మూడేళ్లు కార్పొరేట్ న్యాయవాదుల కన్నా తక్కువే ఉండవచ్చునని అబ్బాయికి ముందే చెప్పండి.

ప్రశ్న: నా వయసు 34. బీకాం చదివి సనత్‌నగర్ కంటైనర్ డిపో దగ్గర ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పదకొండేళ్లుగా షిప్పింగ్ బిల్లులు, బిల్ ఆఫ్ ఎంట్రీలు దాఖలు చేస్తున్నాను. నా వంటివాడు లా డిగ్రీ లేకుండా ఈ సబ్జెక్టులో పీజీ చేయగలడా? — ఒక పాఠకుడు, బోరబండ

సమాధానం: ఎల్ఎల్ఎం చేయాలంటే ఎల్ఎల్‌బీ ఉండాలి, దానికి మినహాయింపు లేదు. ఎల్ఎల్‌బీని దూరవిద్యలో చేయడానికి బార్ కౌన్సిల్ ఒప్పుకోదు, తరగతులకు హాజరు కావలసిందే. అంటే లాసెట్ రాసి మూడేళ్లు, ఆపై పీజీ. కుటుంబ బాధ్యతలను బట్టి మీరే తేల్చుకోండి. అది వీలుకాకపోతే ప్రపంచ వాణిజ్య సంస్థ ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ పాఠాలతో మొదలుపెట్టవచ్చు. బెర్న్‌లోని సంస్థ న్యాయాన్నీ ఆర్థికశాస్త్రాన్నీ కలిపి బోధిస్తుంది, న్యాయేతర పట్టభద్రులనూ తీసుకుంటుంది. అప్పిలేట్ బాడీలో పనిచేసిన భారతీయులు ఎ.వి. గణేశన్, ఉజల్ సింగ్ భాటియా ఇద్దరూ ఐఏఎస్ అధికారులుగా పనిచేసినవారేనన్న సంగతి మీకు ధైర్యమివ్వాలి.

పదకొండేళ్ల మీ అనుభవం ఈ చదువులో మామూలు పెట్టుబడి కాదు. సరుకుకు సుంకం రేటు తేల్చే ఎనిమిది అంకెల కోడ్ వేయడం మీకు రోజువారీ పని. లా విద్యార్థికి అది మూడో నెలలో కానీ అర్థం కాదు. చిన్న సీసాలోని కొబ్బరినూనె వంటనూనా, తలనూనా అన్న వర్గీకరణ తగాదా ఏళ్ల తరబడి సాగి, 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు ఇచ్చి, చివరికి 2024 డిసెంబరులో తేలిందంటే ఆ కోడ్ విలువ ఎంతటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

లెక్కలు తెలిసినవారికి ఈ శాఖలో ఎంత పట్టు ఉంటుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. మన దుప్పట్లు, దిండు గలీబుల వంటి పరుపు వస్త్రాల మీద యూరప్ యాంటీ డంపింగ్ సుంకం వేసింది. సొంత దేశంలో అమ్మే ధర కన్నా తక్కువకు విదేశంలో అమ్మితే అది డంపింగ్. ఒక ఎగుమతిదారు దుప్పటిని ఇక్కడ 100 రూపాయలకు, అక్కడ 90కి అమ్మాడనుకుందాం. 10 రూపాయల డంపింగ్. గలీబు ఇక్కడ 100, అక్కడ 110. అంటే 10 రూపాయలు ఎక్కువకే అమ్మాడు. రెండూ ఒకే సంఖ్యలో అమ్మి ఉంటే సగటున డంపింగ్ సున్నా. యూరప్ అధికారులు మాత్రం దుప్పటి మీది పదిని లెక్కలోకి తీసుకుని, గలీబు మీది మైనస్ పదిని సున్నాగా మార్చేశారు. అప్పుడు 200 రూపాయల ఎగుమతి మీద 10 రూపాయల డంపింగ్, అంటే 5 శాతం తేలుతుంది. రెండు శాతం లోపు ఉంటే విచారణే మూసివేయాలి కనుక, సున్నా అయిదు కావడం వ్యాపారికి ప్రాణసంకటం. ఈ పద్ధతిని ‘జీరోయింగ్’ అంటారు. మన దేశం దీన్ని సవాలు చేసింది; యాంటీ డంపింగ్ ఒప్పందం 2.4.2 నిబంధనకు ఇది విరుద్ధమని అప్పిలేట్ బాడీ 2001 మార్చిలో తేల్చింది. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి, పద్ధతి మాత్రం వివాదంలోనిదే. ఈ వాదనను కాగితం మీద మొదట పట్టుకోగలిగేది లెడ్జరు రాసిన మనిషి. మీరు లా చదివినా చదవకపోయినా, ఇటువంటి విచారణల్లో ప్రశ్నావళి నింపి లెక్కలు సమర్పించే బృందాల్లో మీకు చోటుంది. కాస్ట్ అకౌంటెంట్లు, మీ వంటి అనుభవజ్ఞులు లేకుండా ఆ పని సాగదు.

ప్రశ్న: నేను డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివాను. ఈ సంవత్సరం ఎల్ఎల్ఎంలో చేరాను. వందల పేజీల ఇంగ్లిషు నివేదికలు చూస్తే భయం వేస్తోంది. సిద్ధాంత వ్యాసానికి విషయం కూడా దొరకడం లేదు. — ఒక విద్యార్థి, విద్యానగర్

సమాధానం: ఆ నివేదికలు అందరికీ కష్టమే, ఇంగ్లిషు మాధ్యమంలో చదివినవారు కూడా మొదటి నెల తడబడతారు. వాటి భాష గట్టిదే కానీ, పదజాలం చిన్నది. ఒక ముప్పై నలభై మాటలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఒక్కోదానికి మీ సొంత తెలుగు వివరణ నోటు పుస్తకంలో రాసుకోండి. ముందు నివేదిక చివర ఉన్న నిర్ణయాలు, తర్వాత వాటికి దారితీసిన పేరాలు, ఆఖరున వాదనలు చదవండి. రోజుకు పది పేజీలు చాలు. ఒక్కో పేరాకు పక్కన తెలుగులో ఒక వాక్యం రాయండి, పరీక్షకు ఇంగ్లిషులో రాయడం దాని తర్వాత తేలికవుతుంది. నేను చదువుకున్న రోజుల్లో సంగ్రహాలు చదివి మౌఖిక పరీక్షకు వెళ్లి, ‘ఆ మాట ఏ పేరాలో ఉంది’ అని అడిగితే నోరు మెదపలేకపోయాను. పేరా సంఖ్యలు రాసుకునే అలవాటు నాకు అప్పటి నుంచే.

విషయం కోసం దూరం వెళ్లనక్కరలేదు. 2008 డిసెంబరులో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ బ్రెజిల్‌కు పంపిన రక్తపోటు మందు లోసార్టాన్ సరుకును దారిలో నెదర్లాండ్స్ కస్టమ్స్ అధికారులు పేటెంటు కారణంగా ఆపేశారు. ఆ మందుకు భారతదేశంలోనూ బ్రెజిల్‌లోనూ పేటెంటు అడ్డు లేదు, సరుకు నెదర్లాండ్స్‌లో అమ్మడానికి వచ్చిందీ కాదు. చివరికి దాన్ని వెనక్కి పంపారు. 2010 మేలో మన దేశం, బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో సంప్రదింపులు కోరాయి. మరుసటి ఏడాది యూరోపియన్ యూనియన్‌తో అవగాహన కుదరడంతో ప్యానెల్ దాకా పోలేదు. తీర్పు రాలేదు కనుక ప్రశ్న అలాగే మిగిలి ఉంది: గాట్ ఒప్పందం 5వ అధికరణం సరుకు దాటిపోయే స్వేచ్ఛ ఇస్తుంటే, మేధోసంపత్తి ఒప్పందం కింద దారి మధ్యలోని దేశం ఎంతవరకు అడ్డుపడగలదు? ప్యానెల్ రాయని ఆ తీర్పును మీరు రాయండి. సంప్రదింపుల అభ్యర్థన పత్రం కొన్ని పేజీలే ఉంటుంది, దాని వివాద సంఖ్య డీఎస్408. ఈ ఆదివారం అక్కడి నుంచి మొదలుపెట్టండి.